బెల్టు తీసి ఇచ్చిన పెద్దాయనకు కృతజ్ఞతలు

పోయిన ఆదివారం సాయంత్రం సికింద్రాబాదులో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పిల్లలు నలుగురు ఉచితంగా కచేరీ చేశారు. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన ఒక వయోలా, కూర్చుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించే ఇంకా పెద్ద వాయిద్యం ఒక చెల్లో. ఆ రోజు వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయనకు అందరి ముందూ దండం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను. పేరు అడిగేలోపే ఆయన వెళ్లిపోయారు.

చెల్లో అడుగున ఒక లోహపు కడ్డీ ఉంటుంది. దాని మొన నేల మీద కుదురుగా ఆనితేనే వాయిద్యం నిలుస్తుంది. మా హాల్లో నున్నటి గ్రానైటు. మా అమ్మాయి కమాను గట్టిగా లాగినప్పుడల్లా కడ్డీ జర్రున ముందుకు జారిపోతోంది. మోకాళ్లతో అదిమిపెడితే ఇక చేయి ఆడదు. వాయిస్తున్నది ఆస్ట్రియా స్వరకర్త హైడన్ 1797 ప్రాంతంలో నలుగురు కలిసి వాయించడానికి కూర్చిన 'ఎంపరర్' క్వార్టెట్. అందులో రెండో భాగం ఎంత గొప్పదో! ఒకే బాణీ నలుగురి చేతులూ మారుతూ వస్తుంది, ప్రతిసారీ చుట్టూ అల్లిక మాత్రం కొత్తది. మధ్యలో అది చెల్లోకి వస్తుంది. అక్కడ తడబడితే మొత్తం బయటపడిపోతుంది.

అయ్యా, మొదటి భాగం అవగానే మీరు లేచి వచ్చి, నడుము బెల్టు తీసి, బకిల్ వైపు కొసను కుర్చీ ముందుకాలికి ఉచ్చులా బిగించి, రెండో కొసన చిల్లులో కడ్డీ మొన గుచ్చారు. "వాయించు తల్లీ, ఇంక జారదు" అన్నారు. జారలేదు. తన వంతు వచ్చినప్పుడు అది నిబ్బరంగా, కళ్లు మూసుకుని వాయించింది. తల్లిగా నాకు అంతకన్నా ఏం కావాలి?

మీ బెల్టు మా దగ్గరే భద్రంగా ఉంది. ఇది మీ కంటపడితే హాలు వాచ్‌మన్‌కి ఒక మాట చెప్పండి, పిల్లలే తెచ్చి ఇస్తామంటున్నారు.