తొట్టెల కాకముందే రిపోర్టు రావాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలో ఒక భవిత కేంద్రంలో టీచర్‌ని. ఎదుగుదల వెనకబడిన పిల్లలు మా దగ్గరికి వస్తారు. వాళ్లలో కొందరికి పుట్టిన వారంలోనే ఒక రక్తపరీక్ష చేసి ఉంటే, ఇవాళ ఊరి బడిలో అందరితో కలిసి చదువుకునేవాళ్లు. ఆ పరీక్ష కోసమే ఈ లేఖ.

పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డలో మొదట్లో ఏ తేడా కనిపించదు. ఎప్పుడూ నిద్రపోతుంది, ఏడవదు, పాలకు కూడా లేపాల్సి వస్తుంది. "ఎంత మంచి పిల్లనో, అస్సలు సతాయించదు" అని ఇంట్లో అందరూ మురిసిపోతారు. కామెర్లు తగ్గకపోతే పొద్దుటి ఎండలో పడుకోబెడతారు. నాలుక బయటికి రావడం, బొడ్డు ఉబ్బడం తర్వాతెప్పుడో గమనిస్తారు. మాటలు రాకపోతే "వాళ్ల మేనమామకూ లేటుగానే వచ్చినయి" అంటారు. అప్పటికి మెదడుకు జరిగిన నష్టాన్ని ఏ మందూ పూర్తిగా సరిచేయలేదు. అదే మొదటి రెండు వారాల్లో తెలిస్తే, రోజూ కొద్ది మోతాదు థైరాక్సిన్ గోలీని నూరి తల్లిపాలలో కలిపి పడితే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. మన దేశంలో సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరికి ఈ లోపం ఉంటుంది.

ఇది చాలావరకు వంశపారంపర్యం కాదు. కానీ అదే రక్తపు చుక్కల్లో తెలిసే గెలాక్టోసీమియా (పాలలోని చక్కెర ఒంటికి పడకపోవడం), పుట్టుకతో వచ్చే అడ్రినల్ గ్రంథి (కిడ్నీల మీదుండే గ్రంథి) లోపం, ఫినైల్‌కీటోన్యూరియా (ప్రోటీన్‌లోని ఒక పదార్థం ఒంట్లో పేరుకుపోవడం) లాంటివి తల్లిదండ్రుల జన్యువుల నుంచే వస్తాయి. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు ప్రమాదం. మేనరికాలు ఉన్న మన పల్లెల్లో, మొదటి బిడ్డ ఎందుకు పోయిందో తెలియకుండానే రెండో కాన్పుకు సిద్ధపడుతున్న తల్లులున్నారు. వాళ్లకు కావలసింది ఓదార్పు ఒక్కటే కాదు, కారణం కూడా.

పరీక్ష పెద్ద పనేమీ కాదు. మడమ మీద చిన్నగా గుచ్చి, నాలుగైదు రక్తపు చుక్కలు ఫిల్టర్ పేపర్ మీద పట్టి, ఆరబెట్టి ల్యాబ్‌కు పంపాలి. గోవాలో ప్రభుత్వం 2008లోనే మొదలుపెట్టింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన రాష్ట్రంలో 97 శాతం ప్రసవాలు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి, 60 శాతానికి పైగా సిజేరియన్లే. అంటే ఎక్కువ మంది తల్లులు ఎలాగూ కొన్ని రోజులు వార్డులోనే ఉంటారు. శాంపిల్ తీయడానికి సరైన సమయం 48 గంటలు దాటాకే కాబట్టి ఇది మనకు కలిసొచ్చే విషయం. త్వరగా ఇంటికి పంపిన తల్లుల దగ్గరికి ఆశా కార్యకర్త మూడో రోజు ఎలాగూ వెళ్లాలి. పీహెచ్‌సీల నుంచి శాంపిళ్లు తీసుకెళ్లే తెలంగాణ డయాగ్నస్టిక్స్ వ్యవస్థ ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ ఉన్నాయి.

నా అసలు టెన్షన్ రిపోర్టు వచ్చాక జరిగేదాని గురించి. దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు ఆడపిల్ల కాన్పుకు తల్లిగారింటికి వస్తుంది. ఆసుపత్రిలో రాసిన ఫోన్ నంబర్ భర్తది, ఆయన హైదరాబాద్‌లోనో ముంబయిలోనో పనిలో ఉంటాడు. బిడ్డకు ఇంకా పేరు లేదు, కాగితం మీద "బేబీ ఆఫ్ ఫలానా" అని ఉంటుంది. కొన్ని వారాలకు ఆమె అత్తగారింటికి, ఇంకొన్నాళ్లకు వలస వెళ్లిపోతుంది. రిపోర్టులో తేడా ఉందని ఎవరు, ఎవరికి చెప్పాలి? అడ్రినల్ లోపం ఉన్న బిడ్డకు రెండో మూడో వారానికే ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇరవై ఒకటో రోజు తొట్టెల చేసేలోపే కబురు అందకపోతే ఆ రక్తం తీసి ప్రయోజనం లేదు.

అందుకని అయ్యా, ఫిల్టర్ పేపర్ మీద తల్లిగారి ఊరి పేరు, అక్కడి ఆశా నంబర్ తప్పక రాయించండి. రిపోర్టులో తేడా ఉంటే ఆశా ఆ ఇంటికి నడిచి వెళ్లి చెప్పాలి, 102 వాహనంలో తల్లీబిడ్డను జిల్లా ఆసుపత్రికి తీసుకురావాలి. పసిపిల్లల మోతాదు థైరాక్సిన్ ప్రతి పీహెచ్‌సీలో స్టాకు ఉండాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాల్లోని సర్కారు దవాఖానల్లో ఈ ఏడాదే మొదలుపెట్టి, ఎంతమందికి పరీక్ష చేశారు, తేడా వచ్చిన బిడ్డకు ఎన్నో రోజున మందు మొదలైంది అన్న లెక్క ప్రతి నెలా బయటపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
భవిత కేంద్రం ఉపాధ్యాయురాలు,
నల్లగొండ జిల్లా