బేస్ గిటార్ రిపేరుకు పోయేదాకా
అన్నలూ, తమ్ముళ్లూ, మన బేస్ హైదరాబాద్‌కు రిపేరుకు పోయేదాకా హన్మకొండ రూమ్‌లనే ఉంటది. దయచేసి తీగలు మొత్తం విప్పకుండ్రి. నాలుగు తీగలు కలిసి నెక్‌ను (గిటార్ పొడుగు మెడను) సుమారు 75–80 కిలోల బలంతో గుంజుతయి. నెక్ లోపలున్న ట్రస్ రాడ్ (లోహపు కడ్డీ) దానికి ఎదురు నిలబడుతది. తీగల గుంజుడు మొత్తం పోతే నెక్ వెనక్కి వంగొచ్చు. అందుకే నాలుగింటి శ్రుతిని ఒక్కో టోన్ దించి కొంచెం వదులు చేసిన, అట్లనే ఉంచుండ్రి.

లావు తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) కాడ, చివరి ఫ్రెట్ కాడ నొక్కిపట్టి 7వ ఫ్రెట్‌కు, తీగకు నడుమ సందు చూడుండ్రి. ఇప్పుడు విజిటింగ్ కార్డు దూరేంత ఉంది. తేడా కనబడితే ఫోటో ఇక్కడ పెట్టుండ్రి, ట్రస్ రాడ్ తిప్పే అలెన్ కీ మాత్రం ముట్టకుండ్రి.

ఓరుగల్లు ఎండ మీకెరుకే. కార్ డిక్కీల పెట్టొద్దు, కూలర్ తేమ గాలి సూటిగ తగలొద్దు. గోడకు ఆనించకుండ కేస్‌లనే ఉంచుండ్రి.