శెనక్కాయలతో నీళ్ల లెక్క

రేయ్ మామా,

ఎట్లుండావ్ రా? దసరాకి నువ్వు పెట్టిన మెసేజ్‌కి ఇప్పుడు జవాబు రాస్తాండా, తిట్టుకోవద్దు. "ఊళ్ల మీద పడి నువ్వు చేసే పనేందిరా అసలు" అని అడిగినావు కదా, ఫోన్లో రెండు ముక్కల్లో అయ్యే కథ కాదని అప్పుడు స్మైలీ కొట్టి ఊరుకున్నా. ఈరోజు కరెంటు లేదు, వాన తుంపర పడతాంది, టైముంది, కాబట్టి అనుభవించు.

మొన్న మా క్లస్టర్‌లో, అంటే నేను తిరిగే ఊళ్ల గుంపులో, ఒక ఊర్లో రబీ నీళ్ల బడ్జెట్ మీటింగ్ పెట్టినాం, ఊరికి ఉండే నీళ్లెన్ని, పంటలకి కావాల్సినవెన్ని అని ఊరోళ్లే లెక్క చూసుకునేది. రామాలయం ముందర అరుగు మీద ముగ్గుపిండితో ఊరి పొలిమేర గీసి కుంట యాడుంది, బోర్లు యాడుండాయి అని ఆడోళ్లే మొత్తం మ్యాప్ వేసేసినారు, నేను చేసిందేం లేదు, పిండి డబ్బా పట్టుకున్నా అంతే. తర్వాత జమ, ఖర్చు. ఒక్కో శెనక్కాయ పది లక్షల లీటర్లు అనుకుని, వానకి భూమిలోకి దిగిన నీళ్లు ఒక కుప్ప, రబీలో వేయాలనుకుంటున్న పంటలకి కావాల్సినవి ఇంకో కుప్ప. లెక్క సగంలో ఉండగా చూస్తే జమ కుప్ప తగ్గిపోతాంది! ఎవరో ఎత్తేసినారు అనుకుంటే, పక్కన కూర్చున్న పిల్లోళ్లు ఒక్కొక్కటే ఒలిచి తినేస్తాండారు. నేను మళ్లీ లెక్కపెట్టాలని తల పట్టుకుంటే ఒక ముసలాయన "ఉండనీలే సారూ, మన బోర్లు చేసిండేది గూడా అదే కదా" అన్నాడు. అరుగంతా ఒకటే నవ్వులు.

నీకు లెక్కలంటే ఇష్టం కాబట్టి చెప్తా. ఒక ఎకరా మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే సుమారు నాలుగు వేల లీటర్లు. అంటే 25 మిల్లీమీటర్ల వానకి ఎకరాకి లక్ష లీటర్లు, వినడానికి గొప్పగా ఉంటుంది. మన అనంతపురానికి ఏడాదికి సగటున 550 దాకా పడుతుంది, కానీ మనది గట్టి రాతి నేల కదా, అందులో పదో వంతు కిందికి దిగితే అదే ఎక్కువ. ఒక ఎకరా వరికేమో 1200 మిల్లీమీటర్ల నీళ్లు కావాల, అంటే దాదాపు 48 లక్షల లీటర్లు. భాగించి చూడు, ఒక ఎకరా వరికి నీళ్లు పెట్టాలంటే ఇరవై రెండు ఎకరాల మీద ఏడాదంతా దిగిన వాన కావాల! మడిలోంచి కొంత మళ్లీ ఇంకుతుందనుకో, అయినా సరే. ఇది మొదటిసారి చేసినప్పుడు నాకే మతి పోయింది.

అసలు మజా మాత్రం ఆ ముందు రోజు. బోర్లు కొలుస్తాంటిమి. బోర్లోకి టేపు వదిలితే నీళ్లు తాకగానే బజర్ కుయ్యిమంటుంది, ఎంత లోతులో ఉండాయో తెలుస్తుంది, అదొక పని, ఇంకోటి డ్రమ్ము పని, అది ఎంతసేపటికి నిండుతుందో చూసి బోరు ఎన్ని నీళ్లు పోస్తుందో లెక్కేసేది. ఒకన్న ఉండాడు, ఎవరడిగినా "నా బోరు రెండించులు పోస్తుంది" అంటాడు, ఈసారి రెండెకరాలు వరి పెడతానని ముందే చెప్పేసినాడు. రెండొందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ ఆన్ చేసినాం. నిమిషం అయింది, రెండు నిమిషాలు అయినాయి, డ్రమ్ము సగం చిల్లర నిండింది, ఆయన "మొదట్లో గాలి కొడతాది లే" అన్నాడు, మూడు నిమిషాలకి ఏం మాట్లాడలేదు. మూడు నిమిషాల నలభై సెకన్లు. తొమ్మిది గంటల కరెంటుకి రోజుకి ముప్పై వేల లీటర్లు గూడా రావు, నాలుగు నెలలు ఒక్క రోజు ఆగకుండా తోడినా 35 లక్షలు. రెండెకరాలు కాదు, ఒక ఎకరా వరికే చాలదు. ఈ లెక్క నేను చెప్పలేదురా, ఇంటర్ చదివే వాళ్ల కూతురు అక్కడే ఫోన్లో కొట్టి చూపించింది. ఆయన డ్రమ్ము పక్కకి తన్ని "మళ్లీ పెట్టు" అన్నాడు. మళ్లీ పెట్టినాం. మూడు నిమిషాల ముప్పై ఎనిమిది.

మీటింగ్‌లో ఆయన ఎవరూ అడక్కముందే "నాకు అరెకరా వరి రాసుకోండి, ఇంట్లోకి బియ్యం కావాల కదా, మిగిలింది శెనక్కాయ, డ్రిప్పు" అన్నాడు. మేం వద్దని ఒక్క మాట అనలేదు. సబ్సిడీ ఇవ్వలా, భయపెట్టలా. మహారాష్ట్రలో హివ్రే బజార్ అని ఊరుంది కదా, పోపట్‌రావ్ పవార్ సర్పంచ్‌గా ఉండి మార్చింది, అక్కడ చెరుకు, అరటి వద్దని, సాగుకి బోర్లు వేయొద్దని ఊరే కట్టు పెట్టుకుంది. మన దగ్గర అంత కట్టు కుదరదు, అంత మాట వినిపించే మనిషి గూడా ప్రతి ఊర్లో పుట్టడు. డ్రమ్ము మాత్రం ప్రతి ఇంట్లో ఉంటుంది.

ఇదేం కొత్త గూడా కాదు. 2003 ప్రాంతంలోనే మన ఉమ్మడి రాష్ట్రంలో ఏపీఫామ్‌జీఎస్ అని, రైతులే భూమిలో నీళ్లు కొలిచి చూసుకునే ప్రాజెక్ట్ వచ్చింది, ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో, అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ లాంటి ఏడు కరువు జిల్లాల్లో 638 ఆవాసాలు. రోజూ వాన, పదిహేను రోజులకోసారి బోర్లో నీటిమట్టం, రైతులే కొలిచి గోడ మీద రాసేవాళ్లు. నేను తిరిగిన ఊళ్లలో ఆ గోడలు ఇప్పటికీ ఒకటీ అరా కనిపిస్తాయి, పెయింట్ వెలిసిపోయి, ఆఖరి గడిలో అంకె లేకుండా. ప్రాజెక్ట్ అయిపోయింది, రాసేవాళ్లు ఆగిపోయినారు. ఆ ఖాళీ గడి చూస్తే నాకు కడుపులో ఏదోలా ఉంటుంది, ఎందుకంటే రేపు మేం పోయినాక గూడా అంతే కదా అని. తర్వాత 2019లో కేంద్రం అటల్ భూజల్ యోజన పెట్టింది, ఇదే పని, ఏడు రాష్ట్రాల్లో. అప్పుడు ఆ ఏడింటిలో పక్కనున్న కర్ణాటక ఉండింది, మనం లేం. తెలంగాణ గూడా లేదు. ఏం చేస్తాం.

ఇంకా పంచాయతీలకి మార్కులు గూడా వచ్చినాయి తెలుసా? పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్ అంట, 435 ఇండికేటర్లు, 2022-23 లెక్కలకి ఇచ్చిన మార్కులు 2025లో బయటికి వచ్చినాయి. రెండు లక్షల పదహారు వేల పంచాయతీల్లో నూటికి 90 దాటింది ఒక్కటీ లేదు. దాని కింది మెట్టులో తెలంగాణవి 270 ఉండాయి, గుజరాత్ తర్వాత వాళ్లే. నేను దాన్ని తప్పు పట్టను, పైన కూర్చున్నోళ్లకి ఏ ఊరికి ఏం కావాలో తెలియాల కదా. కానీ ఒక ఊర్లో మార్కులెంతని అడిగితే "అదేందో ఆఫీసోళ్లు కంప్యూటర్లో పెట్టుకున్నారు" అన్నారు. 435 ప్రశ్నలకి జవాబులున్న ఊరికి ఒక్క జవాబూ తెలీదు, ఇదెక్కడి చోద్యం రా!

నేనేం తక్కువ తినలేదులే. మొదటి ఏడు నేను గూడా ముప్పై ఆరు కాలమ్‌ల ఎక్సెల్ షీట్ చేసుకొని పోయినా, కలర్లు గిలర్లు పెట్టి. మా పైన సార్ తెగ మెచ్చుకున్నాడు. ఊర్లో ఒక అక్క దాన్ని తిరగేసి మరగేసి చూసి, వెనకాల ఖాళీగా ఉందని చీటీపాట లెక్క రాసుకుంది. ఈసారి అందుకే నోరు మూసుకొని, "మన ఊరు బాగుపడతాందని మీకెట్లా తెలుస్తుంది" అని మాత్రం అడిగినా. ఆ అక్కే చెప్పింది. బడి పక్కన బోరింగు ఉంది, సంక్రాంతికి నాలుగు దెబ్బలకే నీళ్లొస్తాయంట, ఏప్రిల్‌కి ఇరవై ముప్పై దెబ్బలు, మేకి ఉత్త గాలి. "ఎన్ని దెబ్బలకి వస్తాయో నెలకోసారి రాస్తా, ఏప్రిల్‌లో పది దాటకుంటే బాగుపడినట్టే" అనింది. ఊరి లెక్కలు రాసే బోర్డు మీద వాన మిల్లీమీటర్ల పక్కన ఇప్పుడు "దెబ్బలు" అని ఒక గడి ఉంది. మా సార్‌కి ఆ గడి ఎట్లా రిపోర్ట్ చేయాలో నాకింకా తెలీదు.

వానమాని, అదే వాన కొలిచే గొట్టం, చూసేది గూడా ఆమే. పొద్దున ఎనిమిదిన్నరకి, అంట్లు తోమి వచ్చి, గాజు గొట్టం కంటికి నేరుగా పట్టుకొని చూసి, క్యాలెండర్లో పాల లెక్క కింద రాస్తుంది. ఒకరోజు ఆకాశంలో మబ్బు లేదు, రీడింగ్ తొమ్మిది మిల్లీమీటర్లు! కనుక్కుంటే పక్కింటోళ్లు బర్రెని కడిగినారు. ఆ రోజు గడిలో "బర్రె" అని రాసి కొట్టేసింది, సున్నా గూడా వేయలేదు. ఎంత నిజాయితీ చూడు.

సరే, నీ సంగతి. మీ అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ల గొడవ ఏమైంది? మీ కమిటీ మీటింగ్‌లో అరుచుకునే బదులు ఒకసారి డ్రమ్ము పెట్టి చూడండి, నేను జోక్ చేయట్లా. సంక్రాంతికి వస్తావు కదా, వచ్చేటప్పుడు 9 వోల్టుల బ్యాటరీలు నాలుగు తీసుకురా, ఆ చదరంగా ఉంటాయే అవి. బజర్ టేపులోది అయిపోవచ్చింది, మా దగ్గర అంగళ్లలో అడిగితే గడియారం బ్యాటరీలు చూపిస్తాండారు. డబ్బులు ఇస్తాలే, మొహం అట్లా పెట్టొద్దు.

నీ
మామ