స్టోన్‌వేర్ అని రాసి ఉన్న సంచిలో వేరే మట్టి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: లేబుల్‌కీ లోపలి మట్టికీ పొంతన లేకపోవడం గురించి రెండో ఫిర్యాదు.

మీ దగ్గర కొన్న 10 కిలోల మట్టి సంచి మీద ‘స్టోన్‌వేర్, కోన్ 6, 1220 డిగ్రీలు’ అని ఉంది. స్టోన్‌వేర్ అంటే ఎక్కువ వేడికి కాల్చే, కాలాక నీళ్లు దాదాపు పీల్చని మట్టి. కోన్ 6 అంటే కిల్న్‌లో (మట్టి పాత్రలు కాల్చే బట్టీలో) పెట్టే, ఆ వేడికి వంగే చిన్న శంకువు. లోపల ఉన్నది ఆ మట్టి కాదు. ఆ మట్టితో చేసిన వాజు కాల్పులో పాడైందని రాసిన మొదటి ఉత్తరానికి మీ జవాబు: “అతుకులు సరిగా వేసి ఉండరు, లేదా గాలి బుడగలు మిగిలి ఉంటాయి.” అందుకే ఈసారి మొదటి నుంచీ చెప్పాల్సి వస్తోంది.

నేను చేసింది ఫ్లవర్ వాజు. చక్రం మీద కాదు, పలకలు కోసి చేత్తో కట్టింది. రెండు చెక్క బద్దల మధ్య మట్టిని 6 మిల్లీమీటర్ల మందాన కర్రతో వత్తి, నాలుగు గోడలూ అడుగూ కోసుకున్నాను. పలకలు మెత్తగా ఉండగా నిలబెడితే కుంగుతాయి, మరీ ఆరితే అతకవు. అందుకని తోలులా బిగిసే దాకా ఆగాను. అంచుల మీద గీతలు పెట్టి గరుకు చేసి, అదే మట్టి గుజ్జు రాసి అతికించాను. లోపలి మూలల్లో సన్నటి మట్టి తాళ్లు పెట్టి వేలితో అదిమాను. ప్లాస్టిక్ కవరు కప్పి పది రోజులు నిదానంగా ఆరనిచ్చాను. చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటున్నానని ఇంట్లోవాళ్లు నవ్వారు కూడా.

మొదటి కాల్పు 1000 డిగ్రీల దగ్గర. ఒక్క పగులు లేదు. బుడగల్లో చిక్కిన తేమ వల్ల పగలాల్సి ఉంటే అప్పుడే పగిలేది. గ్లేజు (కాలాక గాజులా మారే పూత) పూసి కోన్ 6కి కాల్చి, మర్నాడు కిల్న్ తెరిస్తే వాజు మైనంలా ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. గోడల నిండా పొక్కులు, అడుగు కిల్న్ అరకి (పాత్రలు పెట్టే లోపలి పలకకి) కరుచుకుపోయింది. అంతా అయ్యాక కూడా అతుకు ఒక్కటీ విడలేదు! మీరు తప్పు పట్టిన చోటే అది నిలబడింది.

కిల్న్ ఎక్కువ వేడెక్కిందంటారేమో. పక్కనే పెట్టిన కోన్ 6 సరిగ్గా వంగాల్సినంతే వంగింది. అదే అర మీద వేరే స్టోన్‌వేర్‌తో మరో ఇద్దరు చేసిన గిన్నెలు చక్కగా వచ్చాయి.

మిగిలిన మట్టితో రెండు బిళ్లలు చేసి చూశాను. 1060 డిగ్రీలకి కాల్చింది వంకర లేకుండా గట్టిగా వచ్చింది. 1220కి కాల్చింది ఉబ్బి కుంగిపోయింది. తక్కువ వేడికి కాల్చే ఎర్తెన్‌వేర్ మట్టి లక్షణం ఇది. పోనీ తక్కువ వేడికే కాల్చుకోమంటారా? ఆ మట్టి కాలాక కూడా నీళ్లు పీలుస్తుంది. గ్లేజులో సన్నటి పగుళ్లున్నా చాలు, వాజు కింద బల్ల తడుస్తుంది. నీళ్లు నిలవాలనే కదా నేను స్టోన్‌వేర్ కొన్నది.

సంచి డబ్బులూ పాడైన కిల్న్ అర ఖరీదూ తిరిగి ఇవ్వండి. మూడు వారాల పనికి వెల కట్టమని అడగను. దానికన్నా ముందు, ఇదే బ్యాచ్ కొన్నవాళ్లందరికీ వెంటనే తెలియజేయండి. నాది ఒక్క వాజు. ఎవరైనా కిల్న్ నిండా ఈ మట్టి పాత్రలే పెట్టి కాలిస్తే అరలన్నీ పోతాయి, ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ ఉంది.

బిల్లు, లేబుల్, వాజు, రెండు బిళ్లల ఫొటోలు జత చేశాను. ఇంకో రెండు కిలోల మట్టి అదే సంచిలో మూతి కట్టి ఉంచాను. మీ మనిషిని పంపితే ఇస్తాను, మీరే కాల్చి చూసుకోవచ్చు. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల ఫిర్యాదులు చూసే అధికారులకి ఇవే కాగితాలు ఇస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు