అత్తయ్య అడిగిన ఫైలు

మొన్న 21వ రోజున పాపను ఉయ్యాలలో వేశాం. గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లంతా పసుపు వాసన. ఈ రోజు చూస్తానని నేను అనుకోలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు అందరి ముందూ చెప్పాలని రాస్తున్నాను.

నేను టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే గుండె జబ్బుతో పుట్టాను. గుండెలో చిల్లు, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు. ఏడిస్తే పెదాలు నీలంగా అయ్యేవట. నాలుగో ఏట ఆపరేషన్ అయింది. ఆ సంగతి చెప్పగానే రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మూడో చోట అత్తయ్య, "ఆ ఫైలు ఓసారి ఇవ్వమ్మా, డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను" అన్నారు. వచ్చారు. అందరికంటే ముందు ఆవిడకే నా దణ్ణం.

నెల తప్పాక ఒకచోట ఎకో (గుండె స్కాను) కూడా తీయకుండానే "తీయించేసుకోండి" అన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు. మర్నాడు మా కార్డియాలజిస్టు మేడమ్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు: గర్భంలో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, నా గుండె వాల్వు కొంచెం లీకవుతున్నా గుండెలోని కుడి గది ఆ బరువు మోయగలదు. "ఈ మాట అందరికీ చెప్పనమ్మా. ఊపిరితిత్తుల్లో బీపీ బాగా పెరిగినవాళ్లకైతే నేనే వద్దంటాను" అన్నారు. నాలాంటి అక్కచెల్లెళ్లూ, పెళ్లికి ముందే ఒకసారి ఇలా చూపించుకోండి.

20వ వారంలో పాప గుండెకు ఎకో తీసి నాలుగు గదులూ సవ్యంగా ఉన్నాయన్నప్పుడు మా ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. 28 నుంచి 32 వారాల మధ్య గుండెకు పని ఎక్కువని తెలిసి, అత్తయ్య సీమంతం అరగంటలో ముగించి నన్ను పడుకోబెట్టారు. చుట్టాలు గొణిగినా వినలేదు.

కాన్పుకు ఆపరేషన్ తప్పదనుకున్నాం. నొప్పి తెలియకుండా నడుముకు ఎపిడ్యూరల్ అనే మత్తు ఇచ్చి, చివర్లో నేను ఎక్కువసేపు ముక్కకుండా వాక్యూమ్‌తో (తలకు కప్పు పెట్టి లాగే పరికరంతో) బిడ్డను తీశారు గైనకాలజిస్టు మేడమ్. కాన్పయింది కదా, ఇంటికి పోదామంటే పంపలేదు. గర్భసంచి ముడుచుకునేసరికి అందులోని రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుందట, జాగ్రత్తంతా అప్పుడేనట. మూడు రాత్రులు మానిటర్ చూస్తూనే, పాపను నా రొమ్ముకు పట్టి పాలు తాగించిన సిస్టరమ్మా, మీ చేతుల చల్లదనం మర్చిపోను.

రక్తం కావాల్సి వస్తుందేమోనని అర్ధరాత్రి వచ్చి, తెల్లారేదాకా మెట్ల మీదే కూర్చున్న మా ఆయన ఆఫీసు తమ్ముళ్లూ, మీ రక్తం అవసరం పడలేదు. అందరి పేర్లూ నాకు తెలియవు. ఆదివారం భోజనానికి రండి. పాపను ఎత్తుకుందురుగాని.