వేలిముద్ర పడనివాళ్లు రోగి పక్కన నిలబడకూడదా?

రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

మేము శ్రీకాకుళం జిల్లా పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల మహిళలం. మీ నైపుణ్య శిక్షణ పథకంలో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు, అంటే ఆస్పత్రిలో నర్సులకు సాయంగా రోగిని చూసుకునే పని, నేర్చుకున్నాం. సర్టిఫికెట్ రాలేదు. సోమవారం అర్జీలు ఇచ్చాం, మీ పేరిట రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపాం. చివరికి ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. పరిష్కారం ఏమిటో అందులో లేదు. మీకైనా తెలిసి ఉంటుందేమోనని, ఈసారి నలుగురూ చదివే చోట అడుగుతున్నాను.

పథకం గురించి మీకు చెప్పేంతదాన్ని కాను. మా ఊళ్లో సభ పెట్టినప్పుడు మైకులో చెప్పింది మాత్రం గుర్తు చేస్తాను. పదో తరగతి చాలన్నారు. రూపాయి కట్టక్కర్లేదన్నారు. కోర్సు అయ్యాక ఢిల్లీ నుంచి పరీక్ష పెట్టేవాళ్లు వస్తారని, జాతీయ నైపుణ్య స్థాయిల్లో నాలుగో స్థాయి సర్టిఫికెట్ ఇస్తారని, దానితో దేశంలో ఏ ఆస్పత్రికైనా వెళ్లవచ్చని అన్నారు. ‘జీడిపిక్కలు కొట్టుకుంటూ ఎన్నాళ్లుంటారమ్మా, తెల్లకోటు వేసుకోండి’ అని వేదిక మీది పెద్దమనిషి ఒకరు అంటే అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఆ పిక్కల దగ్గరే వచ్చింది చిక్కు.

జీడిపిక్క తొక్కలో నల్లటి నూనె ఉంటుంది అయ్యా. చర్మానికి తగిలితే కాలుస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా కొంత అంటుకుంటూనే ఉంటుంది. ముందు వేళ్ల చివరలు నల్లబడతాయి, తర్వాత పొరలు లేస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ గీతలు అరిగిపోయి వేళ్లు నున్నగా అవుతాయి. పలాస జీడిపప్పు మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. దాని వెనక ఉన్న చేతులు ఇలాగే ఉంటాయి. శిక్షణకు వెళ్లే రోజుల్లో కూడా మేం తెల్లవారుజామున లేచి పిక్కలు కొట్టేవాళ్లం. ఎందుకంటే శిక్షణ ఉచితమే గాని ఆ నెలల్లో ఇంట్లో పొయ్యి ఉచితంగా వెలగదు.

హాజరు ఆధార్ వేలిముద్రతో వేయాలి. శిక్షణ కేంద్రం గుమ్మం పక్కన బల్ల మీద చిన్న యంత్రం. వేలు పెడితే ఎర్ర దీపం వెలిగేది, తీసి మళ్లీ పెట్టమనేది. కొంగుతో తుడిచి పెట్టేవాళ్లం. ‘గట్టిగా నొక్కమ్మా’ అనేవాడు ఆ కుర్రాడు. గట్టిగా నొక్కేవాళ్లం. బొటనవేలు కాకపోతే చూపుడువేలు, అది కాకపోతే చిటికెనవేలు. ఎవరో నిమ్మచెక్కతో రుద్దుకుంటే పడుతుందన్నారు. మరొకరు కొబ్బరినూనె అన్నారు. అన్నీ చేశాం. మా వెనక ఇంటర్మీడియట్ అయిపోయి వచ్చిన చిన్నపిల్లలు ఒక్క తాకుడుతో హాజరు వేయించుకుని లోపలికి వెళ్లిపోయేవాళ్లు. మేం అక్కడే నిలబడి వేళ్లు ఊదుకునేవాళ్లం. క్లాసు మొదలైపోతోందని చివరికి సారు రిజిస్టరులో సంతకం పెట్టించుకుని కూర్చోబెట్టేవారు. ‘మీ హాజరు నేను పైకి పంపిస్తాను, భయపడకండి’ అని ఆయన చెప్పిన మాట మా బ్యాచ్‌లో అందరూ విన్నారు.

ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు కొత్తగా వేయించుకుందామనుకున్నాం. అక్కడి యంత్రం కూడా పట్టలేదు. ‘కొన్నాళ్లు పిక్కల పని మానేసి రండి, గీతలు వస్తాయి’ అని సలహా ఇచ్చారు. పని మానేసి గీతలు పెంచుకునే తీరిక ఉంటే ఈ కోర్సుకు ఎందుకు వస్తాం?

పాఠాలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. పక్క మీది రోగిని లేపకుండానే దుప్పటి మార్చడం నేర్చుకున్నాం. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, మడమలు, నడుము, భుజాల దగ్గర ఎరుపు ఉందేమో చూడాలి, లేకపోతే పుండ్లు పడతాయి. నాడి ఎలా లెక్కపెట్టాలి, తాగిన నీళ్లు, పోసిన మూత్రం చార్టులో ఎలా రాయాలి, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, వాడేసిన సూది తెల్ల డబ్బాలో ఎందుకు వేయాలి, ఇవన్నీ చేయించారు. సూదిమందు మా పని కాదని, మందు మార్చడం మా పని కాదని, అనుమానం వస్తే నర్సమ్మను పిలవాలని గట్టిగా చెప్పారు. నిజమే. రెండేళ్లు ఏఎన్ఎం, మూడేళ్లు జీఎన్ఎం నర్సింగ్ కోర్సులు చదివినవాళ్లతో సమానమని మేం అనడం లేదు. వాళ్ల పక్కన నిలబడే పని అడుగుతున్నాం.

ఒక్క విషయం చెప్పి తీరాలి. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ప్రాంతం. డయాలసిస్ రోగి లేని వీధి దొరకడం కష్టం. డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా పెట్టినవాళ్లకు, అంటే ధమనిని సిరతో కలిపి కుట్టినవాళ్లకు, ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, ఆ చేతి నుంచి రక్తం తీయకూడదు, ఆ చేతిని తలకింద పెట్టుకుని పడుకోనివ్వకూడదు. దాని మీద వేళ్లు ఆనిస్తే గుర్రుమని కదలిక తెలుస్తుంది. తెలియకపోతే వెంటనే ఆస్పత్రికి చెప్పాలి. ఈ నున్నటి వేళ్లకు ఆ కదలిక తెలుస్తుందండీ. మా మామగారి చేతి మీద రోజూ చూస్తాను. మీ యంత్రానికే నా వేలు తెలియడం లేదు.

అసెస్‌మెంట్ రోజు, అంటే ఆ పరీక్ష రోజు, రానే వచ్చింది. తెల్లకోట్లు ఉతికి ఇస్త్రీ చేసుకుని వెళ్లాం. జాబితాలో మా పేర్లు లేవు. ‘హాజరు సరిపోలేదు, కంప్యూటరే తీసేసింది’ అన్నారు. రిజిస్టరు చూపించమంటే, అది లెక్కలోకి రాదన్నారు. మాతోపాటు వార్డులో నిలబడిన పిల్లలు లోపలికి వెళ్లి, బొమ్మకు బెడ్‌పాన్ పెట్టి చూపించి, ప్రశ్నలకు జవాబులు చెప్పి బయటికి వచ్చారు. వాళ్లలో కొందరు ఇప్పుడు విశాఖపట్నంలో పని చేస్తున్నారు. వాళ్ల మీద మాకు కోపం లేదు, బాగా చదువుకున్న పిల్లలు. వాళ్లలో ఒకమ్మాయికి బెడ్‌షీటు మూలలు మడవడం నేర్పింది మా పక్కూరి ఆమె. నేర్పినామెకు సర్టిఫికెట్ లేదు.

తర్వాత శిక్షణ కేంద్రం తలుపులు మూశారు. గడువు అయిపోయిందట. ఆ శిక్షణ కేంద్రాన్ని నడిపిన సంస్థను అడిగితే హాజరు వ్యవస్థ ప్రభుత్వానిదంటారు. ఇక్కడి అధికారులను అడిగితే సర్టిఫికెట్ ఇచ్చేది ఢిల్లీలోని హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ అంటారు. అక్కడికి రాస్తే అసెస్‌మెంట్‌కు పేరు పంపాల్సింది శిక్షణ సంస్థే కదా అంటారు. శిక్షణ సంస్థ తలుపులకు తాళం. మూడు కార్యాలయాలూ చెప్పేది నిజమే కావచ్చు, నిబంధనలు అలాగే ఉండవచ్చు. ముగ్గురూ నిజమే చెబుతుంటే అబద్ధం ఎక్కడుందో మీరే వెతకాలి. కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చే పథకమని మీరు కూడా అనవచ్చు. మా ఊళ్లో సభ పెట్టినప్పుడు మాత్రం బ్యానరు మీద రాష్ట్రం వాళ్ల ఫోటోలు కూడా ఉన్నాయి.

సర్టిఫికెట్ లేకపోతే ఏమవుతుందంటారా? ప్రైవేటు నర్సింగ్ హోములో అదే పనికి ఆయా జీతం ఇస్తారు. పక్క మార్చేదీ మేమే, చార్టు రాసేదీ మేమే. సంతకం చేసే గడి దగ్గరికి వచ్చేసరికి వేరే వాళ్లను పిలుస్తారు. హోమ్ నర్సులను పంపే ఏజెన్సీ వాళ్లు మొదట అడిగేదే సర్టిఫికెట్ మీది క్యూఆర్ కోడ్. పోనీ, ప్రభుత్వ ఆస్పత్రికి వెళదామంటే, ఎఫ్ఎన్ఓ (మహిళా నర్సింగ్ ఆర్డర్లీ) పోస్టులకు పదో తరగతి, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ అడిగిన నోటిఫికేషన్లు చూశాం. వాటిలో మీ శాఖ కోర్సు ఊసు మాకు కనిపించలేదు. ఇది ఇంకో కథ. ముందు ఆ కాగితం చేతికొస్తే అప్పుడు దానికి విలువ ఉందా లేదా అని ఏడవవచ్చు.

2021 జూన్‌లో, కరోనా కాలంలో, దేశంలో లక్ష మందికి ఆరోగ్య సహాయకులుగా క్రాష్ కోర్సులు ఇస్తామని ప్రధానమంత్రి గారే ప్రారంభించారు. ఆస్పత్రుల్లో చేతులు చాలడం లేదన్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభించారు. మంచం ఉంటే దాని పక్కన మనిషి ఉండాలి కదా. చేతులు చాలనప్పుడు ఉన్న చేతులను గీతలు లేవని పక్కన పెడతారా?

దారి లేదనకండి. మా మామగారికీ పిక్కల పని వల్ల వేలిముద్రలు పడవు. ఆయన పింఛను ఆగలేదు. సచివాలయం వాళ్లు ఇంటికి వచ్చి ఫోనులో ఆయన ముఖం సరిచూసుకుని చేతిలో పెట్టి వెళ్తారు. ముసలాయనను గుర్తుపట్టిన ప్రభుత్వానికి కోడలు కనిపించలేదు. పింఛనుకు పనికొచ్చే ముఖం చదువుకు ఎందుకు పనికిరాదు? రిజిస్టరు ఉంది, మా సంతకాలు ఉన్నాయి. ప్రాక్టికల్స్ చేయించిన వార్డులో డ్యూటీ పుస్తకం ఉంది, అందులో హెడ్ నర్సు సంతకం ఉంది. ఆ పుస్తకం చూసి మా హాజరు లెక్కపెట్టించండి. మాకు అసెస్‌మెంట్ పెట్టించండి. ఊరికే సర్టిఫికెట్ ఇమ్మనడం లేదు, పరీక్ష పెట్టండి అంటున్నాం. పరీక్షలో తప్పితే ఇంటికి వెళ్లిపోతాం. పరీక్షే పెట్టకుండా తప్పించడం ఏ నిబంధనో చెప్పండి. శ్రీకాకుళంలో పెడితే శ్రీకాకుళం వస్తాం, విజయనగరంలో పెడితే అక్కడికైనా వస్తాం. మీరు స్వయంగా రానక్కర్లేదు, ఒక్క ఆదేశం ఇవ్వండి. ఈ అర్జీని కూడా పరిష్కరించబడినదిగా మాత్రం మూసేయకండి, మీకు పుణ్యం ఉంటుంది.

మళ్లీ కొత్త బ్యాచ్‌కు పేర్లు రాసుకుంటున్నారని మొన్న దండోరా వేశారు. మా తోటికోడలు పేరు ఇచ్చి వచ్చింది. ఆమెదీ పిక్కల పనే. ఈసారి హాజరు ముఖం చూసి వేస్తారా, లేక అదే యంత్రమా? ఆమె కోటు కుట్టించుకోవడానికి డబ్బులు కట్టకముందే ఆ ఒక్క సంగతి తేల్చి చెప్పించండి.

ఇట్లు,
మీ పథకంలో శిక్షణ పొంది, పొందనట్టుగా నమోదైన
ఉద్దానం మహిళ