నీ ముక్కులో అమృతం

ఒరేయ్ శీనూ,

నిన్న నీతో మాట్లాడాక నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. మాటకో తుమ్ము! సెప్టెంబరు వస్తే చాలు, డాలస్‌లో ఇదే గోల అన్నావు. రాగ్‌వీడ్ పుప్పొడి పడటం లేదని డాక్టరు చెప్పాడన్నావు కదా, ఊరుకోలేక ఆ కలుపుమొక్క శాస్త్రీయనామం వెతికాను. అంబ్రోసియా! 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పుస్తకంలోకి ఎక్కిన పేరు. గ్రీకు దేవతల ఆహారం పేరు కూడా అదే. అంటే నీకు అమృతం పడటం లేదురా!

అమృతం అని ఊరికే అనలేదు. ఆ రెండు మాటలూ ఒకే వంశం. మన 'మృత'కి ముందు 'అ' చేరితే చావు లేనిది. గ్రీకు 'అంబ్రొతోస్' కట్టుబడి కూడా అంతే. మరి మధ్యలో 'బ' ఎక్కణ్ణుంచి ఊడిపడింది? 'మ్ర' అని గబగబా పదిసార్లు అని చూడు. పెదాలు విడేటప్పుడు అదే దూరుతుంది. మన పక్కన కూడా ఇదే జరిగింది. సంస్కృతంలో ఆమ్రం, ప్రాకృతంలో అంబ, మరాఠీవాళ్ళకి ఆంబా.

గ్రీకులకి మనలా పాలసముద్రం చిలకడం, మోహినీ పంపకాలు లేవు. హోమర్ కావ్యం ఒడిస్సీలో పావురాలు దేవతల రాజు జ్యూస్‌కి అంబ్రోసియా మోసుకెళ్తాయి. దారిలో ఒక భయంకరమైన బండ ప్రతిసారీ ఒక పావురాన్ని మింగేస్తుంది, ఆయన లెక్క సరిచేయడానికి ఇంకోదాన్ని పంపుతాడు. పాపం, ఆ పావురాల గురించి ఎవరూ పట్టించుకోరు. ఇంతకీ అది తినేదా తాగేదా అంటే వాళ్ళలో వాళ్ళకే పొత్తు కుదరదు. హోమర్ ఎక్కువగా తిండి అంటాడు, కవయిత్రి సాఫో కవితలో అది గిన్నెలో కలిపిన పానీయం.

నాకు నచ్చింది మాత్రం హోమర్ ఇంకో కావ్యం ఇలియడ్‌లో దాని వాడకం. జ్యూస్ భార్య హీరా ముస్తాబయ్యే ముందు ఒళ్ళంతా దానితోనే శుభ్రం చేసుకుంటుంది. యుద్ధంలో పాట్రొక్లస్ అనే వీరుడు చనిపోతే శవం పాడవకుండా థెటిస్ అనే దేవత అంబ్రోసియా, ఎర్రటి నెక్టార్ (దేవతల పానీయం) చుక్కలు చుక్కలుగా పోస్తుంది. ఎక్కడనుకున్నావ్? ముక్కు రంధ్రాల్లో! ఇది చదివి నువ్వే గుర్తొచ్చి ఒక్కడినే పడీ పడీ నవ్వాను.

మనవాళ్ళూ తక్కువ తినలేదులే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన మందుకి పేరేం పెట్టారు? అమృతాంజనం! మీ బావ వచ్చే నెల అక్కడికి వస్తున్నాడుగా, ఆయన పెట్టెలో రెండు సీసాలు పెట్టిస్తున్నాను. ముక్కు కింద కొంచెమే రాసుకో, ఆ చేత్తో కళ్ళు నలుపుకోకు.

నీ
రాము